ఊగే వేలు, నిలిచే శ్రుతి

వయొలిన్ తీగ మీద ఆనించిన వేలిని అక్కడే అటూ ఇటూ సన్నగా దొర్లిస్తే స్వరం కొద్దిగా ఎక్కి, కొద్దిగా దిగుతుంది. ఆ ఎక్కడం దిగడం సెకనుకు ఐదారుసార్లు, క్రమం తప్పకుండా సాగితే చెవికి రెండు స్వరాలు వినిపించవు. ఒకే స్వరం వినిపిస్తుంది, కాకపోతే నూనె పోసిన దీపంలా ఒక్కసారి తేటపడుతుంది. పాశ్చాత్య సంగీతంలో దీన్ని వైబ్రాటో అంటారు. సినిమా పాటల వాద్యబృందంలో ఇరవై వయొలిన్లు కలిసి ఒక దీర్ఘస్వరం పట్టినప్పుడు వినిపించే నిగారింపులో సగం దీనిదే.

తెలుగు నేల మీద వయొలిన్ పట్టిన విద్యార్థి ఎదుట ఇంకో ఊపు కూడా ఉంటుంది. అది గమకం, అందులోనూ కంపితం. చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండింటిలోనూ ఎడమచేతి వేలు తీగ మీద ఊగుతూనే ఉంటుంది. కాని వేలు వెళ్లే దూరం వేరు, వేగం వేరు, చేసే పని వేరు. వైబ్రాటో ముందే నిలబడి ఉన్న స్వరానికి నగిషీ పెడుతుంది. కంపితం చాలా రాగాల్లో ఆ స్వరాన్నే తయారు చేస్తుంది. ఈ తేడా తెలిస్తే రెండింటి సాధనా సులువవుతుంది.

ఊపుకు రెండు కొలతలు

స్వరం ఊగడాన్ని వేగం, వెడల్పు అనే రెండు కొలతలతో చెబుతారు. సెకనుకు ఎన్నిసార్లు ఊగిందన్నది వేగం. మధ్య నుంచి ఎంత దూరం పోయి వచ్చిందన్నది వెడల్పు. వెడల్పును సెంట్లలో కొలుస్తారు. స్థాయిలో 12 స్వరస్థానాలు ఉంటాయి. పక్కపక్క స్థానాల మధ్య దూరాన్ని 100 సెంట్లుగా తీసుకుంటే స్థాయి మొత్తం 1200 సెంట్లు. వయొలిన్ వైబ్రాటో వేగం సాధారణంగా సెకనుకు 5 నుంచి 7 ఊపులు. వెడల్పు మామూలుగా మధ్య నుంచి అటు 15, ఇటు 15 సెంట్ల దగ్గర ఉంటుంది. ఉద్వేగంగా వాయించేటప్పుడు దానికి రెట్టింపు దాకా పోతుంది. గాయకుల గొంతు ఇంతకన్నా వెడల్పుగా ఊగుతుంది.

ఈ వేగాలను గుర్తు పెట్టుకోవడానికి కర్ణాటక సంగీత విద్యార్థికి గడియారం అక్కర్లేదు. నిమిషానికి 60 దెబ్బల లయలో తాళం వేస్తే దెబ్బకు ఒక సెకను. ఒక దెబ్బలో చతురశ్ర నడక నడిస్తే నాలుగు ఊపులు, ఖండమైతే ఐదు, తిశ్రాన్ని రెండో కాలంలో అంటే ఆరు, మిశ్రమైతే ఏడు. అంటే మంచి వైబ్రాటో 'తకతకిట'కూ 'తకిటతకధిమి'కీ మధ్య ఉంటుంది. సెకనుకు నాలుగు కన్నా తగ్గితే చెవి ఎత్తునూ పల్లాన్నీ విడివిడిగా పట్టుకుంటుంది. అప్పుడు స్వరం తేటపడదు, తూలుతుంది. ఎనిమిది దాటితే వణుకులా వినిపిస్తుంది.

ఆ పై అంకె వెనుక శరీర ధర్మం ఉంది. కండరాలు బిగబట్టినప్పుడు ఎవరి చేతికైనా సహజంగా వచ్చే సన్నని వణుకు సెకనుకు 8 నుంచి 12 సార్ల మధ్య ఉంటుంది. నిండు గ్లాసు చాచిన చేత్తో పట్టుకుంటే నీళ్ల మీద కనిపించే అల అదే. చెయ్యి బిగించి వైబ్రాటో తెప్పించాలని చూసే విద్యార్థికి దక్కేది ఈ వణుకే. అది తన అదుపులో ఉండదు. ఆపాలంటే ఆగదు, నిదానించమంటే నిదానించదు. వైబ్రాటో మాత్రం నడక, ఊయల లాంటిది. వదులుగా ఉన్న కీలు మీద బరువు ఇటు నుంచి అటు ఊగుతుంది.

బియ్యపు గింజంత దూరం

వేలు ఎంత కదిలితే స్వరం ఎంత మారుతుందో లెక్క కట్టవచ్చు. బిగువు, మందం మారని తీగలో కంపన సంఖ్య దాని పొడవుకు విలోమంగా ఉంటుంది. పొడవు సగమైతే స్వరం స్థాయి పైకి పోతుంది. పెద్దల వయొలిన్‌లో తల దగ్గరి నట్టు నుంచి బ్రిడ్జి దాకా ఊగే తీగ పొడవు దాదాపు 328 మిల్లీమీటర్లు. ఆ ఖాళీ తీగను షడ్జం అనుకుంటే శుద్ధ రిషభం నట్టు నుంచి 18 మిల్లీమీటర్ల దూరాన, చతుశ్శ్రుతి రిషభం 36 మిల్లీమీటర్ల దూరాన పడతాయి. ఆ చతుశ్శ్రుతి రిషభం దగ్గర వేలు ఆనిస్తే బ్రిడ్జి వైపు 292 మిల్లీమీటర్ల తీగ మిగులుతుంది. అక్కడ అటు 15, ఇటు 15 సెంట్ల వైబ్రాటో కావాలంటే తీగ పొడవు మొత్తం మీద 5 మిల్లీమీటర్లు మారాలి.

ఐదు మిల్లీమీటర్లంటే ఇంచుమించు ఒక సోనామసూరి గింజ పొడవు. వేలిని జరపకుండా, కొస మెత్తని భాగాన్ని కొద్దిగా దొర్లిస్తేనే అంత దూరం వచ్చేస్తుంది. అదే తీగ మీద తారాషడ్జం దగ్గరికి చేరితే మిగిలే పొడవు 164 మిల్లీమీటర్లే, కాబట్టి అదే వెడల్పుకు 2.8 మిల్లీమీటర్లు చాలు. పైకి పోయేకొద్దీ వేలి దొర్లుడు తగ్గాలన్నది ఈ లెక్క వల్లే. కింద నేర్చుకున్న ఊపును పై స్థానాల్లో యథాతథంగా వాయిస్తే స్వరం మేకలా అరుస్తుంది.

వీణతో పోలిస్తే ఇక్కడొక తేడా కనిపిస్తుంది. వీణ మీద మెట్టు ఉంటుంది. వేలితో తీగను పక్కకు లాగితే బిగువు పెరిగి స్వరం పైకే పోతుంది. మెట్టు మీది స్వరం కన్నా కిందకు దిగాలంటే చేతిని కింది మెట్టుకు తేవాలి. వయొలిన్‌కు మెట్లు లేవు. వేలు తల వైపు ఒరిగితే స్వరం దిగుతుంది, బ్రిడ్జి వైపు ఒరిగితే ఎక్కుతుంది. ఈ స్వేచ్ఛ వల్లే గమకాలు ఈ వాద్యంలో అంత సహజంగా పలుకుతాయి. స్థానం తప్పడమూ అంతే సులువు.

చెక్కపెట్టె చేసే మాయ

ఒక ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె స్వరాన్ని అంతే వేగంతో, అంతే వెడల్పుతో ఊపితే వయొలిన్ వైబ్రాటో వినిపించదు. సైరన్‌ను చిన్నది చేసినట్టు వినిపిస్తుంది. అసలు వయొలిన్‌లో ఊగేది స్వరస్థానం ఒక్కటే కాదు కాబట్టి ఈ తేడా వస్తుంది.

కమాను లాగినప్పుడు తీగ ఒక మూల కంపనంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా ఎన్నో ఉపస్వరాలను పుట్టిస్తుంది. తీగ సన్నని దారం లాంటిది, దానంతట అది గాలిని పెద్దగా కదిలించలేదు. బ్రిడ్జి ద్వారా ఆ కంపనాలు పెట్టెకు చేరి, పెట్టె పలకలు గాలిని కదిలిస్తే నాదం బయటికి వస్తుంది. అయితే పెట్టె అన్ని కంపనాలనూ ఒకే తీరుగా ఆదరించదు. కొన్ని కంపన సంఖ్యల దగ్గర గట్టిగా స్పందిస్తుంది, వాటి పక్కనే ఉన్న మరికొన్నింటిని మింగేస్తుంది. ఆ స్పందనను గీత గీసి చూస్తే కొండలూ లోయలూ దగ్గరదగ్గరగా కనిపిస్తాయి, పై కంపనాల్లో మరీ ఎక్కువగా.

ఇప్పుడు 440 హెర్ట్జ్‌ల స్వరాన్ని అటూ ఇటూ 15 సెంట్లు ఊపారనుకుంటే మూల కంపనం దాదాపు 4 హెర్ట్జ్‌లు అటూ ఇటూ జరుగుతుంది. అదే లెక్కన 4400 దగ్గరున్న పదో ఉపస్వరం 38 హెర్ట్జ్‌లు జరుగుతుంది. ఆ కాస్త ప్రయాణంలోనే అది ఒక కొండ ఎక్కి రెండో వైపు దిగవచ్చు. అదే క్షణంలో తొమ్మిదో ఉపస్వరం లోయలోకి జారవచ్చు. ప్రతి ఊపులోనూ కొన్ని ఉపస్వరాలు బిగ్గరవుతూ, కొన్ని సన్నగిల్లుతూ ఉంటాయి. ఎండలో పట్టుచీర కదిలిస్తే జరీ ఒక్కో మడతలో ఒక్కోలా మెరిసినట్టు స్వరం రంగు సెకనుకు ఆరుసార్లు మారుతుంది. 1973లో మ్యాక్స్ మాథ్యూస్, జె. కోహుట్ అనే పరిశోధకులు పెట్టె లేని ఎలక్ట్రానిక్ వయొలిన్‌కు ఇలాంటి కొండలూ లోయలూ ఉన్న విద్యుత్ వలయాలను జోడించి చూశారు. అవి దండిగా, నిటారుగా ఉన్నప్పుడే వైబ్రాటో నిజమైన వయొలిన్‌దిలా వినిపించింది.

దీనికి మరో వైపు కూడా ఉంది. పెట్టె నుంచి ఒక్కో కంపనం ఒక్కో దిక్కుకు ఎక్కువగా వెలువడుతుంది. స్వరం ఊగినప్పుడు గదిలో నాదం వెళ్లే దిక్కులు కూడా కొద్దికొద్దిగా మారుతుంటాయి. హాలులో కూర్చున్న శ్రోతకు స్వరం ప్రాణమున్నట్టు తోచడంలో ఈ దిక్కుల మార్పు పాలు కూడా ఉంది.

చెవి ఇచ్చే తీర్పు

స్వరం ఎక్కి దిగుతుంటే చెవి దాన్ని ఏ స్థానంగా లెక్కిస్తుంది? అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో కార్ల్ సీషోర్ 1930ల్లో దీన్ని వివరంగా పరిశోధించాడు. చెవి ఆ ఊపు పై అంచునో కింది అంచునో కాక దాదాపు సగటునే స్వరంగా తీసుకుంటుందని తేలింది. అంతేకాదు, నిజంగా ఊగిన వెడల్పు కన్నా తక్కువ వెడల్పు ఊగినట్టుగా చెవి భావిస్తుంది. వేలిని స్వరస్థానం నుంచి వెనక్కే ఒరగనిచ్చి మళ్లీ స్థానానికి తెమ్మని చాలామంది గురువులు నేర్పుతారు. శ్రుతి పైకి పోకుండా కాపాడుకోవడానికి అది మంచి అలవాటే. కాని ఊపు బాగా వెడల్పైతే సగటు కిందకు జారి స్వరం దిగిపోయినట్టు వినిపిస్తుంది. వెడల్పు పెరిగే కొద్దీ ఊపు స్థానానికి రెండు వైపులా పంచుకోవాలి.

వైబ్రాటోను ఎంత వాడాలన్నది కాలాన్ని బట్టి మారింది. 1751లో వయొలిన్ విద్వాంసుడు జెమినియాని దాన్ని వీలైనంత తరచుగా వాడమని రాశాడు. ఐదేళ్లకు, 1756లో, లియొపోల్డ్ మొజార్ట్ ప్రతి స్వరాన్నీ ఊపేవాళ్లను ఎడతెగని జ్వరంతో వణికేవాళ్లతో పోల్చి ఎగతాళి చేశాడు. ఊపును మొదటి నుంచి చివరిదాకా ఎడతెగకుండా వాడే పద్ధతి 20వ శతాబ్ది తొలినాళ్లలో ఫ్రిట్జ్ క్రైస్లర్ లాంటివారి వాదనంతో స్థిరపడింది. 1903లో రికార్డయిన జోసెఫ్ యొవాఖిమ్ వాదనంలో ఊపు అక్కడక్కడా మాత్రమే వినిపిస్తుంది.

శార్ఙ్గదేవుడి లెక్క, దీక్షితుల గీత

స్వరం ఊపును కాలంతో కొలవడం భారతీయ సంగీతశాస్త్రానికి చాలా పాత సంగతి. 13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆస్థానంలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీత రత్నాకరం గమకమంటేనే స్వరం కంపించడమని నిర్వచించి పదిహేను రకాలు చెప్పింది. వాటిలో కొన్నింటిని వేగాన్ని బట్టే విడదీసింది. తిరిపం అన్నిటికన్నా వేగం, తరవాత స్ఫురితం. కంపితంలో ఒక ఊపుకు లఘువులో పావు వంతు పడుతుంది, లీనంలో సగం, ఆందోళితంలో పూర్తి లఘువు, ప్లావితంలో మూడు లఘువులు. ఆ గ్రంథానికి ప్రసిద్ధ వ్యాఖ్యానాల్లో ఒకటైన సంగీత సుధాకరాన్ని రాచకొండను ఏలిన రేచర్ల సింగభూపాలుడు రాశాడు. నేటి హైదరాబాదు నుంచి ఒక్క పూటలో వెళ్లి రాగల కొండకోటలో ఆ చర్చ అప్పటికే జరిగిందన్నమాట.

1904లో ఎట్టయపురంలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగులో రాసిన గ్రంథం. అందులో ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు ఉంది. కంపితానికి స్వరం మీద వేసే గుర్తు అలలాంటి గీత. ఆ గీత కింద ఉన్న స్వరాన్ని ఎంత దూరం ఊపాలో రాగం చెబుతుంది.

అందుకు తోడి రాగంలో సాధారణ గాంధారం తగిన ఉదాహరణ. కాగితం మీద అది ఒక స్థానం. పలికేటప్పుడు అది శుద్ధ రిషభం దరిదాపుల నుంచి శుద్ధ మధ్యమం దరిదాపుల దాకా ఊగుతుంది. ఒకే తీగ మీద ఆ దూరాన్ని కొలిస్తే 18 మిల్లీమీటర్ల దగ్గర మొదలై 82 దగ్గర ముగుస్తుంది, అంటే 64 మిల్లీమీటర్లు. వైబ్రాటోలో వేలు సోనామసూరి గింజంత దొర్లితే ఇక్కడ అరచేతి వెడల్పులో చాలా భాగం ప్రయాణిస్తుంది. వేలు దొర్లడం కాదు, చెయ్యే జారాలి. వేగమూ వేరు. వైబ్రాటో వేగం లయతో సంబంధం లేకుండా సాగుతుంది. కంపితం కీర్తన నడకను అనుసరించి చౌకంలో నిదానంగా, మధ్యమకాలంలో చురుగ్గా ఊగుతుంది. పైగా వైబ్రాటోను తీసేసినా స్వరం అదే స్వరం. తోడిలో గాంధారాన్ని ఊపకుండా నిలబెడితే తోడి మిగలదు.

ఊపకూడని స్వరాలు కూడా ఉన్నాయి. షడ్జమ పంచమాలు ప్రకృతి స్వరాలు, వాటిని నిలకడగానే పట్టాలి. కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నాలుగు తీగలను మంద్ర షడ్జం, మంద్ర పంచమం, మధ్య షడ్జం, మధ్య పంచమంగా శ్రుతి చేస్తారు. వేలు ఆనని ఖాళీ తీగను ఎవరూ ఊపలేరు. అంటే శాస్త్రం ఊపవద్దన్న రెండు స్వరాలే వాద్యంలో ఊగలేని తీగలుగా కూర్చున్నాయి. పాశ్చాత్య వాదకుడికి ఖాళీ తీగ ఒక చిక్కు. అక్కడ మెరుపు కావాలంటే పక్క తీగ మీద అదే స్వరాన్ని వేలితో పట్టాలి. కర్ణాటక వాదకుడికి అదే ఆధారం.

నేల మీద కూర్చున్న వాద్యం

19వ శతాబ్ది తొలినాళ్లలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో మణలి మొదలియార్ల ఆదరణలో ఒక యూరోపియన్ దగ్గర వయొలిన్ నేర్చి కర్ణాటక సంగీతానికి అలవాటు చేశాడు. వాద్యం రూపం మారలేదు గాని పట్టుకునే తీరు క్రమంగా మారింది. పాశ్చాత్య వాదకుడు నిలబడి గడ్డానికీ భుజానికీ మధ్య దాన్ని పట్టుకుంటాడు. కర్ణాటక వాదకుడు బాసింపట్టు వేసుకుని వాద్యం వెనుక భాగాన్ని ఎడమ రొమ్ముకు ఆనించి, వాద్యం తలను కుడి పాదం చీలమండ దగ్గర నిలుపుతాడు. రెండు చివరలా ఊత దొరికింది కాబట్టి ఎడమచేతికి మోసే పని లేదు. 64 మిల్లీమీటర్ల జారు తీసినా వాద్యం కదలదు.

ఆ స్వేచ్ఛను తెలుగునాట కమాను నాదంతో కలిపి చూపినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు. 1893లో బెంగళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. 1919లో విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడిగా సంగీత కళాశాల మొదలైనప్పుడు విద్యార్థిగా చేరడానికి వెళ్లిన నాయుడుగారికి అక్కడే ఆచార్య పదవి దక్కింది. 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. కమానును నిండుగా, పొడవుగా లాగి నాదాన్ని గొంతులా పలికించడం ఆయన బాణీకి గుర్తు. న్యాయమూర్తి పి.వి. రాజమన్నార్ పరిచయం చేయగా ఆయన వాదనం విన్న పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ ఎంతో మెచ్చుకున్నాడు. ఎడమచేతి ఊపు వినపడాలంటే ముందు కుడిచేతి నాదం సమంగా ఉండాలన్నది ఆ బాణీ చెప్పే మొదటి పాఠం.

సాధన క్రమం

వైబ్రాటో సాధన కదలని స్వరంతో మొదలవుతుంది. స్థానం తప్పిన స్వరాన్ని ఊపితే తప్పు మరుగున పడుతుంది గాని పోదు. స్థానాన్ని సరిచూడటానికి కాగితం ముక్కతో ఒక పరీక్ష ఉంది. వేలి గోరంత కాగితాన్ని మధ్యలో మడిచి, రెండో తీగ, అంటే ఖాళీ మధ్య షడ్జం తీగ మీద పల్లకీలా కూర్చోబెట్టాలి. ఆ తీగను ముట్టుకోకుండా మూడో తీగ మీద మూడో వేలితో మధ్య షడ్జం పట్టి కమాను లాగాలి. వేలు స్థానానికి కాస్త దూరంగా ఉంటే కాగితం కదలదు. వేలిని కొద్దికొద్దిగా జరుపుతుంటే ఒకచోట కాగితం వణుకుతుంది, సరిగ్గా షడ్జం మీద చేరగానే ఎగిరి పడుతుంది. రెండు తీగల కంపన సంఖ్య ఒకటవగానే రెండోది దానంతట అదే ఊగడం దీనికి కారణం. ఎనిమిది అక్షరాల కాలం ఒకే కమానులో స్వరం ఇలా నిలిచిన తరవాతే ఊపు సంగతి.

రెండో మెట్టు కమాను లేకుండా. అగ్గిపెట్టెలో నాలుగు బియ్యపు గింజలు వేసి ఎడమచేతి వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని మణికట్టు నుంచి ఊపాలి. గింజల చప్పుడు సమంగా, గంటకొట్టినట్టు రావాలి. తరవాత వాద్యం తీసుకుని, చేతిని పెట్టె అంచు దాకా తెచ్చి, మణికట్టును అక్కడ ఆనించి, రెండో వేలిని తీగ మీద తేలిగ్గా ఉంచి, గాజు తుడిచినట్టు పైకీ కిందకీ జార్చాలి. ఆ జారుడు దూరాన్ని రోజురోజుకూ తగ్గించుకుంటూ పోతే ఒకనాటికి వేలు జారడం మాని ఉన్నచోటే దొర్లుతుంది. అక్కడ వేలి పై కణుపును గమనించాలి. వేలు వెనక్కి ఒరిగినప్పుడు ఆ కణుపు సాగి చదునవ్వాలి, ముందుకు వచ్చినప్పుడు మళ్లీ వంగాలి. కణుపు బిగుసుకుంటే ఊపు అక్కడే ఆగిపోతుంది.

మూడో మెట్టు లయ. నిమిషానికి 60 దెబ్బల లయలో మొదట దెబ్బకు ఒక ఊపు, తరవాత రెండు, మూడు, నాలుగు. ఒక్కో మెట్టు మీద కొన్ని రోజులైనా నిలవాలి. నాలుగు సుఖంగా వచ్చాక ఖండానికీ, ఆరుకూ పోవాలి. ఈ దశలో ఊపు వెడల్పుగా, వికారంగా ఉన్నా ఫరవాలేదు. వేగం పెరిగే కొద్దీ వెడల్పు దానంతట అదే తగ్గుతుంది.

నాలుగో మెట్టులో కమాను చేరుతుంది. ఎడమచెయ్యి ఊగుతుంటే కుడిచెయ్యి కూడా తాళం అందుకోవాలని చూస్తుంది. కమాను ఒత్తిడి ఊపుతో పాటు పెరిగి తగ్గితే స్వరం ఎక్కిళ్లు పెట్టినట్టు వినిపిస్తుంది. రెండు చేతులనూ విడదీయడానికి కమానును ఖాళీ తీగ మీద నిదానంగా లాగుతూ ఎడమచేతిని పక్క తీగ మీద ఊపుతూ ఉండాలి. ఖాళీ తీగ నాదం చలించకపోతే చేతులు విడిపోయినట్టే.

వేళ్లలో రెండోది, మూడోది ముందు పట్టుబడతాయి, తరవాత చూపుడువేలు. చిటికెనవేలు అన్నిటికన్నా ఆలస్యం. ఒక్కో వేలూ కుదిరాక ఒక వేలు నుంచి మరోదానికి మారేటప్పుడు ఊపు తెగకుండా చూసుకోవాలి. ఆ పైన ఊపు లేకుండా మొదలై మెల్లగా వెడల్పయ్యే దీర్ఘస్వరం, వెడల్పుగా మొదలై నిలకడకు వచ్చే దీర్ఘస్వరం సాధన చేయాలి. రోజుకు పదిహేను నిమిషాలు చాలు, కాకపోతే నెలలు పడుతుంది. మణికట్టులోనో బొటనవేలి మొదట్లోనో నొప్పి పుడితే వెంటనే ఆపాలి.

కంపితానికి దారి వేరు. దాన్ని ముందు గొంతుతో పాడి, తరవాత వేలికి దించాలి. జంటస్వరాల్లో రెండో స్వరాన్ని కింది స్వరం తాకి నొక్కి పలికే స్ఫురితంతో మొదలై, గీతాల మీదుగా వర్ణాలకు చేరేసరికి ఒక్కో రాగంలో ఒక్కో స్వరం ఎంత దూరం ఊగుతుందో చేతికి తెలుస్తుంది. లెక్కకట్టి వేలిని జార్చడం కన్నా గొంతు వెంట వేలిని పంపడమే ఇక్కడ పద్ధతి.

గోడకు గోడ ఆనిన ఇంట్లో

నేర్చుకునే చోటు కూడా సాధనను మలుస్తుంది. హైదరాబాదు పాతబస్తీలో ఛత్రినాక, లాల్‌దర్వాజా, గౌలిపురా గల్లీల్లో ఇళ్లు ఇరుకు, పొరుగువారి టీవీ వినపడేంత దగ్గర. ఇక్కడి విద్యార్థి ఉప్పుగూడలో ఎంఎంటీఎస్ రైలు ఎక్కి కాచిగూడలో దిగితే రామ్‌కోట్‌లోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల దగ్గరే. పాఠం అక్కడ దొరుకుతుంది, సాధన మాత్రం ఇంట్లోనే జరగాలి. వైబ్రాటో రెండో, మూడో మెట్లకు కమాను అక్కర్లేదు కాబట్టి అర్ధరాత్రైనా చేసుకోవచ్చు. కమాను చేరాక కొందరు బ్రిడ్జి మీద రబ్బరు మ్యూట్ తొడుగుతారు. దాని బరువుకు బ్రిడ్జి కంపనాలు పెట్టెకు సరిగా చేరవు, నాదం తగ్గుతుంది. దానితో పాటే ఉపస్వరాల మెరుపూ తగ్గుతుంది. మెరుపు వినపడక విద్యార్థి ఊపును అవసరానికి మించి వెడల్పు చేసే ప్రమాదం ఉంది. కాబట్టి ప్రతి సాధనలో చివరి ఐదు నిమిషాలైనా మ్యూట్ తీసి వాయించి సరిచూసుకోవాలి.

ఆషాఢంలో లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి బోనాల నాడు డప్పుల మధ్య శ్రుతి వినడం కుదరని పని. అలాంటి రోజులు లయ మెట్టుకు పనికొస్తాయి. వీధిలో దరువు వినిపిస్తుంటే కమాను పక్కన పెట్టి దెబ్బకు మూడు, నాలుగు ఊపులు లెక్కవేసుకోవచ్చు. వేసవిలో చెమటకు వేలు తీగకు అతుక్కుని ఊపు తెగుతుంది. కొందరు వేలి కొసకు చుక్క కొబ్బరినూనె రాసుకుంటారు. ఆ నూనె కమాను వెంట్రుకలకు తగిలితే వాటికి రాసే రోజిన్ పట్టదు, నాదం పోతుంది. అందుకే ఎడమచేతికి వేరే గుడ్డ ఉంచుకోవాలి.

పొరపాట్లు, వాటి మూలాలు

స్వరం ఊగకుండా వాద్యమే ఊగుతుంటే పట్టులో ఊత చాలలేదని అర్థం. ఊపు వణుకులా వస్తే బొటనవేలు వాద్యం మెడను నొక్కుతున్నట్టే. బొటనవేలిని క్షణం తీసేసి ఊపి చూస్తే తేడా తెలిసిపోతుంది. చూపుడువేలి పక్కభాగం మెడకు అతుక్కుని ఉంటే మణికట్టుకు కదిలే చోటుండదు. అక్కడ కాగితం దూరేంత సందు ఉండాలి. వెడల్పైన ఊపు ఒక వైపే పోతుంటే ఫోన్‌లోని శ్రుతి చూపే యాప్ ముందు వాయించాలి. ముల్లు స్వరానికి రెండు వైపులా సమంగా పోయి రావాలి. ప్రతి స్వరం ఒకే తీరుగా ఊగుతుంటే అది చెయ్యి అలవాటు మాత్రమే. వరసగా నాలుగు దీర్ఘస్వరాలు తీసుకుని ఒకటి ఊపకుండా, ఒకటి నిదానంగా, ఒకటి చురుగ్గా, ఒకటి సన్నగా వాయిస్తే ఊపు మళ్లీ చేతి అదుపులోకి వస్తుంది.

రెండు సంప్రదాయాలూ నేర్చేవారికి వచ్చే పొరపాటు వేరు. పాశ్చాత్య అలవాటుతో తంబురా ముందు కూర్చుని షడ్జాన్ని ఊపితే రాగానికి ఆధారం జారిపోతుంది. కర్ణాటక అలవాటుతో వాద్యబృందంలో కూర్చుని దీర్ఘస్వరాన్ని కంపితంగా ఊపితే పక్కవారితో శ్రుతి కలవదు. అందుకే ఇద్దరు గురువులున్న విద్యార్థి రెండు సాధనలనూ ఒకే పూటలో కలపకపోవడం మేలు. ఏది వాయించినా మొదటి ఐదు నిమిషాలు మాత్రం రెండింటికీ ఒకటే. ఊపు లేని షడ్జం, పొడవైన కమాను, ఎగిరి పడే కాగితం ముక్క.